మూడాంపుల ఫ్యూజు

బెస్త గంగులప్ప అట్టపెట్టె చంకన పెట్టుకొని
పొద్దున్నే కొండాపురంలో నా షెడ్డుకొచ్చినాడు.
"దస్తగిరీ, ఇది చేపల్ని చూపిస్తాదంట.
దీనికి కరెంటు మాత్రం నువ్వే చూపించాల."

ముప్పయ్యేండ్లు బోరు మోటార్లు చుట్టినోణ్ణి.
అరచేతిలో టెంకాయ నిలబెట్టుకొని
చేనంతా తిరిగేవాళ్ల ఎనకాల తిరిగినోణ్ణి.
ఆరునూర్లడుగుల కింద తడి ఉండాదో లేదో
తెలీకుండానే తాళ్లు దింపినోణ్ణి.
ఇప్పుడు నీళ్లు పైనే ఉండాయి, కావాల్సినన్ని.
వాటి కింద ఏముందో చెప్పే పెట్టె
నా బల్ల మీదుంది.
నవ్వొచ్చింది. స్క్రూడ్రైవరు కోసం ఎతికినా.

పడవలో మోటారుకు పెద్ద బ్యాటరీ ఉంటే
మొదట దానికే తగిలించినా.
ఎర్ర తీగ ప్లస్సుకు, నల్లది మైనస్సుకు.
మోటారు తిప్పగానే తెర నిండా చేపలు!
పైనుంచి కిందికి, వాన జల్లు మాదిరి.
గంగులప్ప వల అందుకున్నాడు.
"ఆగప్పా, అవి చేపలు కాదు, నీ మోటారు రొద.
ఒకే గిన్నెలో ఇద్దరికి కూడు పెడితే
పెద్దోడు నమిలే సద్దు తప్ప
చిన్నోని మాట ఇనపడదు."

మరుసటి దినం జమ్మలమడుగు పోయి
ఏడాంపుల చిన్న బ్యాటరీ తెచ్చినాడు.
నూనె డబ్బా కోసి దాంట్లో కూర్చోబెట్టి
టెర్మినళ్లకు వ్యాసలైన్ పూసి
బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు పెట్టినా.
మోటారు తీగ ఎడమ అంచున,
దీని తీగ కుడి అంచున.
మిగిలిన తీగను నా చేతులే
నన్నడక్కుండా చుట్ట చుట్టేసినాయి.
చూసుకొని విప్పినా. చుట్ట చుడితే అదీ రొద పట్టుకుంటాది.
చుట్టడమొకటే తెలిసిన చేతులకు
తీగను ఊరికే వదిలేయడం
ఎంత కష్టమో ఆ పొద్దు తెలిసింది.

పైపుకు కట్టి దాని కన్ను నీళ్లలో ముంచినాం.
కన్ను అంటారు గానీ అది చెవి.
టిక్కుమని ఒక శబ్దం దిగుతాది,
అడుగు తగిలి తిరిగొస్తాది,
ఆ ఆలస్యమే లోతు.
బాయిలో రాయేసి చెవి ఒగ్గే
మా నాయన లెక్కే.

తెర తేటపడింది.
పద్దెనిమిదడుగులు. ఇరవై. ఇరవై రెండు.
కింద బురద మెత్తగా, మందంగా.
ఉన్నట్టుండి పద్నాలుగు.
నిట్టనిలువునా లేచి, చదరంగా కొంచెం దూరం సాగి
మళ్లీ ఇరవై రెండు.

"గుండా?" అన్నాడు గంగులప్ప.
నేను గట్టు పక్క చూసినా.
కరెంటు స్తంభాల వరస నీళ్లలోకి దిగే చోటు,
ఆఖరి స్తంభం తల మీద నీటికాకి.
అక్కడి నుంచి ఎన్ని బారలో మనసులో కొలుచుకున్నా.
"నరసమ్మక్క మోటారు కొట్టమది.
బోరు నాలుగునూటెనబై.
తాడు తెగి, నేను చుట్టిన మోటారు
దాంట్లోనే ఉండిపోయినాది.
వైండింగు కూలి సగం ఇంకా రావాల."

అప్పుడే కొట్టం మీద వంకర గీతలు,
ఒకటి, మూడు, ఏడు.
మోటారు ఆపేసే ఉండాది. రొద కాదు.
"బొచ్చెలు," అన్నాడు గంగులప్ప గుసగుసగా,
ఇనపడితే లేచిపోతాయన్నట్టు.
వల ఏస్తే గోడకు తగులుకుంటాదని గాలం ఏసినాడు.

"ఫ్యూజు కాలితే సిగరెట్టు కాయితం చుట్టొద్దు.
మూడాంపులే, ఎక్కువ ఏయొద్దు," అని
మూడుసార్లు చెప్పి పడవ దిగినా.
కూలి కింద రెండు చేపలిచ్చినాడు.

ఒకటి నరసమ్మక్కకు పంపినా.
ముద్దనూరు దగ్గర కాలనీలో ఉండాదంట.
బాకీ ఊసెత్తొద్దని పిల్లోనికి చెప్పి,
యాడ పట్టిందో మాత్రం చెప్పమన్నా.

చేప తీసుకొని, తిప్పి చూసి, అడిగిందంట:
"ఇప్పుడన్నా నీళ్లు పడినాయా ఆ బోర్లో?"

ఈ పొద్దు గంగులప్ప ఫోను.
ఫ్యూజు కాలిందంట.
పోవాల.